రోజూ బిర్యానీ తింటామట!



పోయిన నెల ఒక పని మీద నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు పోతున్నాను. ఆళ్లగడ్డకు రైలు లేదు, బస్సే దిక్కు. శిరివెళ్ల దాటేసరికి పక్క సీటు పెద్దాయన మాట కలిపాడు. వానల సంగతి, శనగల ధర, మనవడి చదువు, అన్నీ అయ్యాయి. చివరికి నా టోపీ వైపు చూసి నవ్వుతూ అన్నాడు: "మీకేంలే సాయిబూ, దినామూ బిర్యానీనే! మేమైతే ఆదివారం దాకా కాసుకోవల్ల."

మంచి మనిషి. ఆ మాటలో కుళ్లు లేదు, వెక్కిరింపు లేదు. నేనూ నవ్వేశాను. కానీ ఆ పొద్దు నేను ఇంట్లో తిని బయల్దేరింది రెండు జొన్నరొట్టెలు, అంబాడే కీ భాజీ, ఇంత చెనిక్కాయల పొడి. అంబాడా అంటే మరేం కాదు, గోంగూరే. ఆయన ఇంట్లో కూడా ఆ పొద్దు అదే వండి ఉంటారు.

ఆళ్లగడ్డలో దిగేదాకా ఆ మాటే బుర్రలో తిరిగింది. ఆయనకు ఈ ఖయాల్ ఎక్కడి నుంచి వచ్చింది? సినిమాల్లోంచి కొంత వచ్చి ఉంటుంది. టీవీల్లోంచి కొంత. కానీ ఇన్సాఫ్‌గా మాట్లాడుకుందాం. ఆయన మన వంటింట్లో పొయ్యి ఎప్పుడూ చూడలేదు. చూసిందల్లా మన షాదీలు. ఫంక్షన్ హాల్లో రెండు రకాల బిర్యానీ, నాలుగు రకాల కబాబు, ఐస్‌క్రీమ్, పాన్. ఏడాదికి రెండుసార్లు ఆ దావత్ తిన్న మనిషి మన ఇల్లు కూడా అలాగే ఉంటుందని అనుకోడా? ఆ తస్వీర్ గీసి ఆయన చేతికిచ్చింది మనమే.

అందుకే ఇవాళ నా తక్‌రార్ ఆయనతో కాదు, మనతో. మన ఇంటి ఖానా నలుగురి ముందు పెట్టడానికి మనకు షరం. ఆ షరమే మన పేద ఇళ్లను అప్పుల పాలు చేస్తోందని నేనంటున్నాను. కోపం వస్తే చివరిదాకా చదివి తిట్టండి.

ఇంట్లో

మా ఇల్లు నంద్యాలలో. అమ్మీ పుట్టిల్లు ఆళ్లగడ్డ. ఇంట్లో దక్కనీ, వీధిలో తెలుగు, కోపమొస్తే రెండూ.

మా వారం హిసాబు చెప్తాను, మీ ఇంటితో పోల్చుకోండి. సోమవారం నాస్తాకు ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. మంగళవారం ఖిచిడీ, ఖట్టా, కాల్చిన అప్పడం. నువ్వులు వేయించి నూరి, చింతపండు పులుసులో కలిపి, పచ్చి ఉల్లిగడ్డ వేస్తే ఖట్టా. తెలంగాణ వాళ్ల పచ్చిపులుసుకు సొంత చెల్లెలు. బుధవారం టమాటా పప్పో, చుక్కకూర పప్పో. గురువారం వంకాయ కూర, మిగిలిన రొట్టెలు. శుక్రవారం జుమా కాబట్టి బగారా ఖానా, దాల్చా. గోష్ వారానికి ఒకసారి. నెలాఖరైతే అదీ లేదు. కిలో మటన్ కొనాలంటే కూలిమనిషికి దాదాపు రెండు దినాల కూలి పోతుంది. ఇక దినామూ బిర్యానీ ఎక్కడిది?

అర కిలో గోష్ తెచ్చి, అందులో సొరకాయో, దోసకాయో, మునగకాయో, ఆకుకూరో వేసి పదిమందికి సరిపడా సాలన్ చేయడం మన ఆడవాళ్ల హునర్. ఇది తంగీలో పుట్టిన హునర్. గోష్ తక్కువైన చోట ఊరి కూరగాయ వచ్చి నిలబడింది. అలా పుట్టిందే చిగూర్ గోష్. ఆ పేరు ఒకసారి పలికి చూడండి. గోష్ ఫార్సీ మాట, చిగూర్ మన తెలుగు చిగురు. హైదరాబాదులో పెద్ద పెద్ద ఖాన్‌దాన్‌ల దస్తర్ఖాన్ మీద కూడా దాన్ని చిగూర్ అనే అంటారు. చింతచెట్టు కింద నిలబడి ఆకు దూసిన తెలుగామె ఆ మాట నేర్పి ఉంటుంది, మన నానీల నానీ అది నేర్చుకుని ఉంటుంది. ఎవరు ఎవరి దగ్గర ఏం తీసుకున్నారో లెక్కలు తీసేవాళ్లు ఈ ఒక్క గిన్నె ముందు కూర్చుంటే చాలు.

ఎదురు లెక్క కూడా చూడండి. మసాలా, నాస్తా, హల్వా, షర్బత్, కుర్మా, సమోసా, పుదీనా, మైదా: ఈ మాటలు లేకుండా ఏ తెలుగింటి వంటైనా జరుగుతుందా? మన జిల్లాలోనే ఉంది బనగానపల్లె. నవాబుల సంస్థానం 1948లో దేశంలో కలిసిపోయింది, మామిడి మాత్రం ఉండిపోయింది. 2017లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ పండుకు ఇంకో పేరు బేనిషాన్. మచ్చ లేనిది అని అర్థం. జనం ఆ పేరుతో అడిగి కొంటారు. ఆ మాట ఏ జుబాన్‌దో అని ఏ తోపులోనూ ఎవరూ అడగలేదు.

ఆళ్లగడ్డలో మా నానీ పొద్దున్నే జొన్నపిండి కలిపి రొట్టె తట్టేది. ఆ చప్పుడుకే మాకు మెలకువ వచ్చేది. పెనం మీద నీళ్ల చెయ్యి తిప్పి, పొంగిన రొట్టెను కట్టెల మంట పక్కన నిలబెట్టేది. రాత్రి మిగిలిన సాలన్, లేకపోతే పచ్చికారం, నూనె. తాతా ఆ రొట్టెతోనే సహర్ చేసి రోజా ఉండేవాడు. వేసవిలో బేనిషాన్ రసంలో రొట్టె ముంచుకుని తినేవాళ్లం. నానీకి బిర్యానీ రాదని కాదు. ఈద్‌కు, అకీఖాకు, మెహమాన్ వచ్చినప్పుడు చేసేది. బిర్యానీ మా ఇంటికి మెహమాన్ లాగా వచ్చేది. వచ్చిన రోజు ఇల్లంతా ఖుషీ. మరుసటి రోజు వెళ్లిపోయేది. మెహమాన్ ఇంటి యజమాని అయి కూర్చుంటే ఏమవుతుందో ఇప్పుడు చూస్తున్నాం.

మన నేల సంగతి కూడా చెప్పాలి. నంద్యాలలో 1906 నుంచి వ్యవసాయ పరిశోధన జరుగుతోంది. సూర్యనంది అనే కొర్ర రకం ఇక్కడిదే. 2023ను ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకుంది. షుగరొచ్చిన ప్రతివాడికీ డాక్టర్లు జొన్నలు, కొర్రలు తినమని చెప్తున్నారు. నగరాల్లో వాటిని రంగు సంచుల్లో పెట్టి సోనామసూరి కంటే ఎక్కువ ధరకు అమ్ముతున్నారు. మన నానీలు పైసా ఫీజు లేకుండా తినిపించిన ఖానా అది. మనమేమో కే.సీ. కెనాల్ కింద పండే సన్నబియ్యం పక్కన పెట్టి, పంజాబ్, హర్యానాల నుంచి వచ్చే బాస్మతి లేకపోతే దావత్ కాదంటున్నాం.

సఫర్‌లో

ఇక ప్రయాణాల ముచ్చట. చిన్నప్పుడు గుంటూరు వైపు రైల్లో పోయేవాళ్లం. అప్పటికింకా మీటర్ గేజ్. గాజులపల్లె దాటాక బండి నల్లమలలోకి దూరేది. బొగద సొరంగంలో పెట్టె అంతా చీకటి. ఆ చీకట్లో పిల్లల చేతులు తోషా డబ్బాలోకి పోయేవి. వెలుతురు వచ్చేసరికి రెండు మీఠీ పూరీలు మాయం. "కౌన్ రే?" అని అమ్మీ అడిగేది. ఎవడూ పలికేవాడు కాదు, అందరి మూతులకూ చక్కెర.

తోషా అంటే సఫర్ కోసం కట్టుకుపోయే ఖానా. అమ్మీ తోషాలో ఏముండేవంటే: ఎండు జొన్నరొట్టెలు, అవి నాలుగు రోజులైనా చెడవు. నీళ్లు ఇగిరేదాకా వేయించిన తలావ్ గోష్, కొంచెమే. చెనిక్కాయల పొడి, ఉల్లిగడ్డలు, నిమ్మకాయ అన్నం, మీఠీ పూరీలు. ఎదుటి సీటు వాళ్లు పులిహోర తీసేవాళ్లు. మన మీఠీ పూరీ అటు, వాళ్ల పులిహోర ఇటు. "మేము గోష్ పెట్టిన డబ్బా ఇది, మీకు ఈ డబ్బాలోంచి ఇస్తాం" అని అమ్మీ ముందే చెప్పేది. వాళ్ల పరహేజ్ వాళ్లది, మన పరహేజ్ మనది. దాచుకోవడం లేదు, కొట్లాట లేదు. గిద్దలూరు వచ్చేలోపు రెండు కుటుంబాలకూ చుట్టరికం.

పరహేజ్ అంటే గుర్తొచ్చింది. సఫర్‌లో మన హాల్ ఏమిటో ఆ బస్సు పెద్దాయనకు తెలిస్తే నవ్వుతాడు. హైవే మీద బస్సు ఆగుతుంది. అందరూ దిగుతారు. మనింటి మగాడు కౌంటర్ దగ్గరికి పోయి గొంతు తగ్గించి అడుగుతాడు: "భాయ్, గోష్ హలాలేనా?" వాడు "ఆ, అంతా హలాలే సార్" అంటాడు, ముఖం చూస్తే నమ్మకం కుదరదు. తిరిగి వచ్చి భార్యతో "పెరుగన్నం తీసుకుందాం" అంటాడు. సఫర్‌లో ముసల్మాన్ సగం శాకాహారి. కర్నూలు బస్టాండులో ఇడ్లీ, కడపలో కారం దోశ, తిరుపతి వైపు పోతే పెరుగన్నం, మామిడికాయ ఊరగాయ. నేను ముప్పై ఏళ్లు ఉద్యోగం పని మీద తిరిగాను. ప్రాణం నిలబెట్టింది ఉడిపి హోటళ్లే అని ఒప్పుకోవడానికి నాకేం అభ్యంతరం లేదు.

ఆ "హలాలేనా" అన్న సవాల్‌ను గుర్తు పెట్టుకోండి. దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

ఇప్పుడు తోషా కట్టే ఇళ్లు తగ్గిపోయాయి. పోయిన రంజాన్ ముందు మా కుటుంబం బస్సులో హైదరాబాద్ పోతుంటే మా ఆవిడ ఖీమా, చపాతీలు కట్టింది. పాణ్యం దాటాక డబ్బా తీయబోతే నా కూతురు చెయ్యి పట్టుకుంది. "అమ్మీ, వద్దు. వాసనొస్తుంది. అందరూ చూస్తారు." డిగ్రీ చదువుతున్న పిల్ల. ఏ కాలేజీ క్యాంటీన్‌లో ఎవరు ఏమన్నారో, ఎవరు ముక్కు మూసుకున్నారో, నాకు చెప్పలేదు. నేను రెట్టించి అడగలేదు. డబ్బా మూత పడింది. కర్నూలులో దిగి బిర్యానీ బోర్డు పెట్టిన చోట నాలుగు ప్లేట్లు తిన్నాం. రంగు ఎక్కువ, మసాలా ఎక్కువ, జాయ్‌ఖా లేదు. ఇంటి ఖీమా రాత్రికి పాడైపోయింది.

నా బిడ్డకు ఆ షరం బయటివాళ్లు నేర్పారని కాసేపు కోపం వచ్చింది. తర్వాత నా సంగతి నాకే గుర్తొచ్చింది.

రెండేళ్ల కింద నా దోస్త్ ఒకడు కువైట్ నుంచి వచ్చాడు. ఏడేళ్ల తర్వాత. ఇంటికి వస్తానన్నాడు. ఆ పొద్దు మా ఇంట్లో జొన్నరొట్టెలు, చిగూర్ గోష్. నేను మా ఆవిడతో "ఇవి లోపల పెట్టు" అని చెప్పి, బయట నుంచి బిర్యానీ తెప్పించాను. వాడు రెండు ముద్దలు తిన్నాడు. వంటింట్లోంచి చింతచిగురు వాసన వచ్చింది. "భాభీ, లోపల ఏం దాచారు?" అని లేచి వెళ్లి తనే గిన్నె తెచ్చుకున్నాడు. నాలుగు రొట్టెలు తిన్నాడు. వాడు వెళ్లాక మా ఆవిడ ఒకే మాట అంది: "ఆయన ఏడేళ్లు తిన్నది ఖుబూస్, బిర్యానీలే కదా. ఇంటికొచ్చిన మనిషికి ఇంటి అన్నం దాచిపెట్టారు మీరు." నా దగ్గర జవాబు లేదు. మూత మొదట వేసింది నేను, నా కూతురు కాదు.

షాదీలో

ఇక అసలు సంగతికి వస్తున్నాను. పైన చెప్పిందంతా ఇంట్లో షరం. అది ఫంక్షన్ హాలుకు చేరితే ఖర్చవుతుంది.

మా చిన్నప్పుడు నంద్యాలలో, ఆళ్లగడ్డలో మన షాదీల ఖానా ఏముండేది? బగారా ఖానా, దాల్చా, దహీ కీ చట్నీ, ఒక మీఠా. అంతే. దాల్చాలో ఎముకలు, సొరకాయ ముక్కలు, శనగపప్పు. పెద్ద డేగ్ వీధిలోనే పొయ్యి మీదికి ఎక్కేది. మహల్లా ఆడవాళ్లు ఉల్లిగడ్డలు తరిగేవాళ్లు. అన్నీ నేల మీద పరిచిన దస్తర్ఖాన్ మీద. ఉన్నవాడిదీ అదే, లేనివాడిదీ అదే. మాంసం తినని పొరుగువాళ్ల ఇళ్లకు బియ్యం, బెల్లం, నెయ్యి విడిగా పంపేవాళ్లు. మా అబ్బా షాదీకి అలా పంపారని దాదీ చెప్పేది.

ఇప్పుడు మాటలు కుదిరే రోజే లిస్టు వస్తుంది. "జోడే కీ రఖమ్ మేం అడగడం లేదు, మేం దీన్‌దార్లం. కానీ బారాత్‌లో ఆరు వందల మంది వస్తారు, ఖానా మాత్రం ఇజ్జత్‌గా ఉండాలి." ఈ "ఇజ్జత్‌గా" అన్న మాటలో మటన్ బిర్యానీ, చికెన్ బిర్యానీ, చికెన్ సిక్స్టీఫైవ్, చేప, రుమాలీ రోటీ, రెండు మీఠాలు, ఐస్‌క్రీమ్ అన్నీ ఉంటాయి. ఇది జహేజ్ కాదట. మరి ఏమిటి? జోడే కీ రఖమ్ పెళ్లికొడుకు జేబులోకి పోయేది, ఇది ఆరు వందల కడుపుల్లోకి పోతుంది. కట్టేది మాత్రం ఆడపిల్ల తండ్రే.

నాకు దగ్గరి చుట్టం ఒకాయన ఉన్నాడు. ఆటో నడుపుతాడు. పేరు, ఊరు చెప్పను. కూతురి నిఖాకు ఆరు వందల ప్లేట్లు, ప్లేటు మూడు వందల యాభై. రెండు లక్షల పదివేలు ఒక్క పూట ఖానాకు. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి తెచ్చాడు. అంటే నెలకు ఆరు వేల మూడు వందలు వడ్డీయే. అసలు తగ్గకుండా. ఆ రోజు చివరి బంతికి మటన్ బిర్యానీ చాలలేదు. పెళ్లికొడుకు తరఫు పెద్దమనిషి ఒకాయన ప్లేటు నెట్టేసి లేచాడు. "ఇదేనా మీ మెహమాన్‌నవాజీ?" అని పదిమందిలో అన్నాడు. నా చుట్టం చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నేనూ అక్కడే ఉన్నాను, నోరు తెరవలేదు. ఈ రాత ఆ రోజు రావలసిన మాటే, ఆలస్యంగా వస్తోంది.

వెనక వైపు పోయి చూస్తే ఎత్తేసిన ప్లేట్లలో సగం సగం బిర్యానీ. ముక్కలు ఏరుకుని తిని అన్నం వదిలేశారు. ఒక వైపు చాలలేదని గొడవ, ఇంకో వైపు డ్రమ్ముల నిండా రిజ్క్. సూరా ఆరాఫ్ 31వ ఆయత్ తినండి, తాగండి, ఇస్రాఫ్ చేయకండి అనే భావమే చెప్తుంది. మనలో దాన్ని తర్జుమాతో సహా అప్పజెప్పేవాళ్లు ఉన్నారు. ఆ డ్రమ్ముల పక్క నుంచే చేతులు తుడుచుకుంటూ వెళ్లారు.

ఇప్పుడు ఆ సవాల్ దగ్గరికి వద్దాం. హైవే మీద ముక్కూ ముఖం తెలియని హోటల్లో గొంతు తగ్గించి "హలాలేనా?" అని అడుగుతాం. నమ్మకం కుదరకపోతే పెరుగన్నం తిని లేస్తాం. మాషా అల్లాహ్, మంచిదే. మరి ఈ ఫంక్షన్ హాల్లో ఆ సవాల్ ఎందుకు అడగం? జబహ్ సరిగ్గానే అయి ఉంటుంది. ఆ మేకను కొన్న డబ్బు ఎక్కడిది? సూద్ మీద తెచ్చింది. సూద్ ఎంత పెద్ద గునాహో చిన్నపిల్లాడికి కూడా మదర్సాలో చెప్తాం. ఒక బాప్‌ను ఆ సూద్ గుమ్మంలోకి నెట్టి, ఆ డబ్బుతో వండిన దాన్ని బిస్మిల్లా చెప్పి తింటున్నాం. నేను ఆ తండ్రిని తప్పు పట్టడం లేదు. అతని ముందు లిస్టు పెట్టినవాళ్లను, ఆ లిస్టు చూసి ఊరుకున్న నాలాంటివాళ్లను అంటున్నాను.

దీన్ మాటకొస్తే, వలీమా మగపెళ్లివారి జిమ్మేదారీ. నిఖా రోజు ఆడపిల్ల తండ్రి ఊరికి భోజనం పెట్టాలని ఎక్కడా లేదు. హజ్రత్ సఫియ్యా రజియల్లాహు అన్హాతో నిఖా తర్వాత మన రసూల్ సల్లల్లాహు అలైహి వసల్లమ్ ఇచ్చిన వలీమా ఏమిటో గుర్తుందా? ఖజూర్లు, నెయ్యి, ఎండబెట్టిన పెరుగు కలిపిన హైస్. అది జరిగింది కూడా సఫర్‌లోనే, ఖైబర్ నుంచి మదీనాకు తిరిగి వచ్చే దారిలో. దస్తర్ఖాన్ పరిచి, ఎవరి దగ్గర ఏముంటే అది తెమ్మన్నారు. అంటే ఒకరకంగా అందరి తోషా కలిపితే అయిన వలీమా. హదీసుల్లో ఉన్న సంగతి ఇది, నా సొంత కల్పన కాదు. ఆ ఖానాకు బర్కత్ తక్కువైందని అనగల ధైర్యం ఎవరికైనా ఉందా?

మీరు అడగబోయేవి

"మెహమాన్‌నవాజీ మన తహజీబ్" అంటారు. ముమ్మాటికీ నిజం. కానీ మెహమాన్‌నవాజీ అంటే ఉన్నదాన్ని ప్రేమగా పెట్టడం. లేనిదాన్ని అప్పు తెచ్చి చూపించడానికి పేరు నుమాయిష్.

"మా దగ్గర డబ్బుంది, మా ఇష్టం" అని కొందరు అంటారు. మీ ఇష్టమే. కానీ మీరు పెట్టిన పది ఐటమ్స్ మీ ఇంటితో ఆగవు. వచ్చే నెల మీ వీధి చివర పంక్చర్ షాపు అతని కూతురి పెళ్లిచూపుల్లో అవే పది ఐటమ్స్ అడుగుతారు. ఉన్నవాడి షౌఖ్ లేనివాడికి ఖానూన్ అయిపోతుంది. మహల్లాలో ముందు ఆగాల్సింది మీరే.

"వంటమాస్టర్ల రోజీ పోతుంది" అన్నాడు ఒక తమ్ముడు. మా మహల్లా వంటమాస్టర్‌నే అడిగాను. బగారా, దాల్చా, ఒక మీఠా అయితే ప్లేటుకు నూట యాభైలో అవుతుందన్నాడు. మూడు వందల మందికి నలభై ఐదు వేలు. "మాకు పని ఎటూ ఉంటుంది భాయ్. అప్పు చేసిన పెళ్లిలో మా కూలి కూడా ఆర్నెల్లకు గానీ రాదు" అన్నాడు.

ఇక చివరిది, బరువైన సవాల్. "అసలే మన ఖానా మీద, మన గోష్ మీద నానా మాటలు అంటున్న కాలం. నువ్వు కూడా మన దస్తర్ఖాన్‌నే తప్పు పడితే వాళ్ల చేతికి కత్తి ఇచ్చినట్టు కాదా?" నేను దీన్ని తేలిగ్గా తీసుకోను. నా కూతురు డబ్బా మూసిన రోజు ఇంకా నా కళ్ల ముందుంది. స్పష్టంగా చెప్తున్నా, నేను గోష్ మానేయమనడం లేదు. తినేది తల ఎత్తుకుని తిందాం. బస్సులో డబ్బా విప్పుదాం, పక్కవాడికి అభ్యంతరం లేకపోతే ఇంత పెడదాం. బిర్యానీ మీద కూడా నాకు పగ లేదు. ఈద్‌కు మా ఇంట్లో వండేది అదే, నాకంటే ఎక్కువ తినేవాడు ఇంట్లో లేడు. నేను చెప్పేదల్లా ఒకటే. బిర్యానీ ఒక్కటే మనం అనుకుంటే, బయటివాడు గీసిన బొమ్మకు మనమే రంగులు వేసినట్టు. ఖట్టా, అంబాడా, చిగూర్, జొన్నరొట్టె, రంజాన్‌లో మసీదు గంజి, ఇవన్నీ కూడా మనమే. హైదరాబాదీ హలీమ్‌కు 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, ముబారక్. రంజాన్ రాగానే నంద్యాలలో కూడా ఆ పేరుతో బోర్డులు లేస్తాయి. మన మసీదు గంజికి బోర్డు లేదు. బకెట్ పట్టుకుని వరసలో నిలబడే పిల్లలు ఉన్నారు, అది చాలు.

నేను చేయబోయేది

ఊరికి నీతులు చెప్పి నా ఇంట్లో పది ఐటమ్స్ పెడితే మీరు ఉమ్మేస్తారు. కాబట్టి చెప్తున్నా. వచ్చే ఎండాకాలం, ఇన్షా అల్లాహ్, మా చిన్నోడి నిఖా. అమ్మాయి తరఫు వాళ్లకు మాట ఇచ్చేశాం. నిఖా మసీదులో. వాళ్ల తరఫున ఖజూర్లు, షర్బత్, అంతకు మించి ఏమీ వద్దు. వలీమా మా ఖర్చు. మూడు వందల మంది. చింతచిగురు కాలం కాబట్టి చిగూర్ గోష్, బగారా ఖానా, దాల్చా, ఒక మీఠా. మాంసం తినని పొరుగువాళ్లకు విడిగా ఖట్టీ దాల్, బగారా బైంగన్. విడి పొయ్యి, విడి గిన్నెలు. బియ్యం మన సోనా. జొన్నరొట్టెలు తట్టడానికి ఆళ్లగడ్డ నుంచి ఇద్దరు ఖాలాలు వస్తామన్నారు. ఒక్క రూపాయి అప్పు లేదు. నా చుట్టం ఆటోలో వస్తాడు, మొదటి బంతిలో కూర్చుంటాడు.

ఇంట్లో అందరూ ఖుష్‌గా ఉన్నారని అబద్ధం చెప్పను. నా బావమరిది రెండు వారాలుగా నాతో మాట్లాడటం లేదు. "ఒక్కగానొక్క మేనల్లుడి వలీమాలో రొట్టెలు పెడతావా, నా ముఖం ఎక్కడ పెట్టుకోను?" అని ఫోన్ పెట్టేశాడు. చిన్నోడు కూడా మొదట దోస్తులు నవ్వుతారని నసిగాడు. వాళ్ల నానీ, అంటే మా అత్తమ్మ, వాడిని పిలిచి "నవ్వితే నవ్వనీ బేటా, తిన్నాక అడుగుతారు" అంది. ఆమె మాటతో వాడు మెత్తబడ్డాడు. బావమరిది కోసం మళ్లీ వెళ్తాను, తోషా కట్టుకుని.

మీ ఇంట్లో ఈ ఏడాది షాదీ ఉంటే ఒక్కసారి ఆలోచించండి. మగపిల్లవాడి తరఫు అయితే లిస్టు పంపకండి. ఖానా ఎలా ఉండాలి అని వాళ్లు అడిగితే "మీ ఇంట్లో శుక్రవారం ఏం వండుతారో అది పెట్టండి" అని చెప్పండి. ఆడపిల్ల తరఫు అయితే, ఆ లిస్టు పంపినవాళ్ల ఇంటికి బిడ్డను ఇవ్వడం గురించే మళ్లీ ఒకసారి ఆలోచించండి.

ఆ బస్సు పెద్దాయనకు ఆ పొద్దు నేను జవాబు చెప్పలేదు. నవ్వేసి ఊరుకోవడం తప్పే. ఆళ్లగడ్డ బస్టాండులో ఆయన దిగి ఎటో వెళ్లిపోయాడు, పేరు కూడా అడగలేదు. మళ్లీ కనిపిస్తే ఇంటికి పిలుస్తాను. దావత్‌కు కాదు, ఈద్‌కు కాదు, ఊరికే ఒక మంగళవారం. ఖిచిడీ, ఖట్టా, కాల్చిన అప్పడం పెడతాను. తిన్నాక ఆయనే చెప్తాడు, "ఇది మా ఇంటి పచ్చిపులుసు కదప్పా" అని.

ఖుదా హాఫిజ్.